తలల లెక్క

నా పని బస్సు తోలడం.
ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టడం, దిగేటప్పుడు లెక్కపెట్టడం.
పొద్దున పద్దెనిమిది.
రాత్రి తొమ్మిదింటికి పదిహేడే.

పద్దెనిమిదోవాడు ఇంకా గోలుపోస్టు దగ్గరే ఉన్నాడు.
అబ్దిరిజాక్. మా గోల్‌కీపర్.
స్టేడియంలో లైట్లు ఒక్కో వరసా ఆర్పేస్తున్నారు,
వల మీంచి నీళ్ళు కారుతున్నాయి,
వాడు ఆ తెల్ల గీత మీద
అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు,
జేబులోంచి ఏదో జారిపోయినవాడిలా.
కోచ్ హాల్వర్సన్ కేకెయ్యబోతే
"ఇంజను వేడెక్కాలి, ఉండండి" అన్నాను.
ఇంజను ఎప్పుడో వేడెక్కింది.

విచిటాలో వాళ్ళది పెద్ద స్కూలు.
బూట్లు ఆరబెట్టుకోడానికే ఒక గది ఉందిట.
బెంచీ మీద కూర్చున్నవాళ్ళే ఇరవైమంది,
మావాళ్ళు మొత్తం కలిపితే పద్దెనిమిది,
అందులో ఒకడికి చీలమండ వాచి తట్టంత అయింది.
మా వైపు మెట్ల మీద నేనూ, కోచ్ భార్యా, ఎవరిదో గొడుగూ.
పిల్లల అమ్మానాన్నలు మూడు గంటల దూరాన
మాంసం ఫ్యాక్టరీలో రెండో షిఫ్టులో ఉన్నారు.

నాలుగో నిమిషంలో ఒకటి పడింది.
రెండోది పడ్డప్పుడు ఎవరో "పర్లేదు, పర్లేదు" అన్నారు.
నాలుగోది పడ్డాక ఆ మాటా లేదు.
అయిదోది నేను చూడలేదు,
గొడుగు సర్దుకుంటున్నాను.
గొడుగు బానే ఉంది.
ఏడు – సున్న.
వాళ్ళ గోల్‌కీపర్ గ్లవ్స్ ఆట అయ్యాక కూడా
ఇస్త్రీ పెట్టెలోంచి తీసినట్టున్నాయి.

మొదటి గంట బస్సులో మాట లేదు.
తడి మేజోళ్ళు, నారింజ తొక్కలు, నొప్పుల మందు,
ఈ మూడు వాసనలే మాట్లాడుకున్నాయి.
చీకట్లో గోధుమ చేలు, పక్కనుంచి నెట్టే గాలి,
స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి ఆ దారిలో.

ప్రాట్ ఇంకా రాలేదు, వెనక సీట్లోంచి ఏ డో సో,
మాట కన్నా ముందు నవ్వొచ్చే కుర్రాడు,
"ఆ చప్పుడు విన్నార్రా?" అన్నాడు.

ఏ చప్పుడో ఎవరూ అడగలేదు.
అరవై రెండో నిమిషం. విల్మర్ ఎక్కణ్ణుంచో లాగి తన్నాడు.
పోస్టుకి కొట్టుకుంది.
"ఠంగ్!"
"ఠంగ్ కాదురా, ఠాంగ్!"
"మా అమ్మ చేతిలో మూకుడు జారినట్టు!"

అక్కణ్ణుంచి మొదలు.
పోస్టు బయటి అంచుకి తగిలిన బంతి
ప్రాట్ దాటేసరికి నడిమధ్యకి తగిలింది,
డాడ్జ్ సిటీ దీపాలు కనబడేసరికి లోపలి అంచుకి.
ఇంకో ముప్పై మైళ్ళుంటే గోలయ్యేదే.
నేను కొంచెం నెమ్మదిగా తోలాను.

అద్దంలో మూడో సీటు.
గ్లవ్స్ ఇంకా తియ్యలేదు వాడు. కిటికీకి తల ఆనించాడు.
వాడు ఏడు లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు.
నేను వేరేవి లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ.
వాడు ఆపినవి పంతొమ్మిది.
చెబుదామనుకున్నాను.
అద్దంలో ఉన్న మనిషితో ఏం చెబుతాం?

అప్పుడన్నాడు, కళ్ళు తెరవకుండానే:
"బయటి అంచుకే తగిలింది."

బస్సంతా ఆగిపోయింది, చక్రాలు తప్ప.
మైదానానికి అవతలి కొసన నిలబడి,
ఆ ఒక్క నిమిషం చేతికి పని లేక
తీరిగ్గా చూసినవాడు వాడొక్కడే.

విల్మర్ సీటు మీంచి లేచాడు.
తగువే అనుకున్నాను, కాలు బ్రేకు మీదకి పోయింది.
వెళ్ళి వాడి పక్కన కూలబడి
"అవున్రా" అన్నాడు. "చాలా బయటికి."
ముందెవరు నవ్వారో తెలీదు.
అబ్దిరిజాక్ ఎడమ చేతి గ్లవ్ పళ్ళతో పట్టుకు లాగాడు.
కుడిది అలాగే ఉంచాడు.

స్కూలు ముందు అర్ధరాత్రి దాటాక దించాను.
తెల్ల కోటు తియ్యకుండానే వచ్చేశాడు ఒక తండ్రి,
కారు దీపాలు వేసి నిలబడ్డాడు.
పదహారు, పదిహేడు, పద్దెనిమిది.
"థాంక్స్, మిస్ వెర్నా."

బుధవారం ఆట మా ఊళ్ళోనే.
బస్సు అక్కర్లేదు, నాకు సెలవు.
గొడుగు ఎవరిదో కనుక్కోవాలి.